ఒక్క పన్ను తేడా

రెండే తలుపులున్న కారు కొనేవాళ్ళు రెండు రకాలు. వెనక కూర్చోబెట్టడానికి ఎవరూ లేనివాళ్ళు ఒక రకం, వెనక ఇంకెవరినీ కూర్చోబెట్టనని ఒట్టేసుకున్నవాళ్ళు ఇంకో రకం. ఆ ఉదయం వర్క్‌షాప్ ముందు ఆగిన ముదురాకుపచ్చ కారులోంచి దిగిన పెద్దమనిషి రెండో రకం. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి ఆ మధ్యే రిటైరయ్యాడు. నలభై మందిని వీపు వెనక మోసీ మోసీ విసిగిపోయి, తనూ తన భార్యా తప్ప మూడో మనిషి ఎక్కడానికి వీల్లేని బండి కావాలని ఊరంతా గాలించి, ఒకప్పుడు కలిగినవాళ్ళు మాత్రమే ఎక్కిన ఆ కారును, దానికి పద్దెనిమిదేళ్ళు నిండాక, నెల క్రితం కొనుక్కున్నాడు.

ఇలాంటి కార్లది ఒక వింత జాతకం. కొత్తగా ఉన్నప్పుడు వాటిని కొనగలిగినవాళ్ళకు చూసుకునే తీరిక ఉండదు. చూసుకునే తీరిక ఉన్నవాళ్ళ చేతికి వచ్చేసరికి వాటికి వయసైపోతుంది. చేతులు మారినప్పుడల్లా తోలు సీట్ల మీద మరకలున్నాయా, పాటల పెట్టె పలుకుతోందా అని అడుగుతారు గానీ, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగే మహానుభావుడు నూటికి ఒక్కడు. డ్రైవర్ గారు ఆ ఒక్కడు. ఆయన కారు కొనేముందు బానెట్ ఎత్తించి, బెల్టు కవరు మీద అంటించి ఉన్న చీటీ చదివి, ఆ తర్వాతే సరేనన్నారు.

"మేస్త్రి గారంటే మీరేనా? మీ సంతకం చూసే కొన్నానండీ ఈ బండి," అంటూ చెయ్యి చాపారు.

మేస్త్రి చెయ్యి ఇవ్వలేదు. చంకల్లో దాచుకున్న రెండు చేతులనూ అలాగే ఉంచి, తల మాత్రం ఊపాడు. రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. అప్పటినుంచీ స్పానరు పట్టడం మానేసి గోడవార కుర్చీలో కూర్చుంటున్నాడు. పనంతా మేనకోడలిదే. ముప్పై ఏళ్ళ మనిషి, షెడ్డు నడిపే మనిషి, అయినా మామయ్య పెట్టిన ముద్దుపేరుతో ఊరందరికీ ఆమె అమ్మడే.

"ఆరేళ్ళయింది. బెల్టుకి గడువొచ్చేసింది," అన్నారు డ్రైవర్ గారు. "రేపు పొద్దున్నే మా ఆవిడతో కొండల మీదికి బయల్దేరుతున్నాం. రానూ పోనూ తొమ్మిది వందల కిలోమీటర్లు. ఇన్నేళ్ళూ ఆవిడ నా బస్సెక్కితే టికెట్టు కొనుక్కుని వెనక కూర్చునేది తప్ప, నా పక్కన కూర్చున్న పాపాన పోలేదు. ఇంకోటి తల్లీ, సిగ్నల్ దగ్గర ఆగితే బండి సన్నగా వణుకుతోంది. అమ్మినాయన్ని అడిగితే ముసలి బండి, ఆ మాత్రం ఉంటుందన్నాడు. ముసలైతే మాత్రం వణకాలని రూలుందా?"

అనేసి, మామయ్య మోచేతులు కదులుతుండడం చూసి, నాలుక కరుచుకున్నారు.

"కొందరికి ఉంటుంది లెండి," అని మామయ్యే నవ్వేశాడు. "ఏదీ, స్టార్ట్ చెయ్యండి. విందాం."

ఊళ్ళో ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఊరికే అనలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడు. ఆ ఉదయం పిడిని రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. అది మూడేసి సిలిండర్లు రెండు వరసలుగా ఉన్న ఇంజను. కళ్ళు మూసుకుని కుడి వరస విన్నాడు. తృప్తిగా తలాడించాడు. ఎడమ వరస విన్నాడు. మొహం మారిపోయింది.

"ఎడమ వరస అడుగు వెనక పడుతోంది. బెల్టు ఒక పన్ను తప్పి ఉంది," అన్నాడు. "మన దగ్గర్నుంచి వెళ్ళాక ఎవడో కెలికాడు. విప్పు అమ్మడూ, చూద్దాం."

అమ్మడు "సరే" అంది. అంది గానీ గుండెల్లో రాయి పడింది.

ఈ బెల్టు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే గానీ ఆ రాయి బరువు తెలీదు. ఇంజను అడుగున ఒక చక్రం, పైన వరసకొకటి చొప్పున రెండు చక్రాలు. వాటన్నిటినీ కలుపుతూ లోపలివైపు పళ్ళున్న ఒక రబ్బరు బెల్టు. కింది చక్రం పిస్టన్లను ఎక్కిస్తుంది, దించుతుంది. పై చక్రాలు వాల్వులను తెరుస్తాయి, మూస్తాయి. పిస్టనూ వాల్వూ వచ్చిపోయేది ఒకే చోటికి. ఒకే మంచాన్ని పగటి షిఫ్టువాడూ రాత్రి షిఫ్టువాడూ వాడుకున్నట్టు, ఒకటి తప్పుకున్నాకే ఇంకొకటి రావాలి. నిమిషానికి వేలసార్లు సాగే ఈ రాకపోకల్లో అవి ఢీకొనకుండా కాపాడేది బొటనవేలంత వెడల్పున్న ఆ రబ్బరు ముక్కే. అది తెగిందా, ఇనుము ఇనుమును కొట్టుకుని ఇంజను గంగలో కలిసినట్టే. ఒక పన్ను తప్పితే వణుకుతుంది. రెండు తప్పితే గుద్దుకుంటుంది.

అందుకే మామయ్య షెడ్డులో ఒక పద్ధతుంది. బెల్టు వేశాక తాళం చెవి తిప్పకూడదు. కింది చక్రానికి పొడుగు స్పానరు తగిలించి, ఇంజనును చేత్తో రెండు నిండు చుట్లు తిప్పాలి. రెండు చుట్లయ్యాక కింది గుర్తూ, పైనున్న రెండు గుర్తులూ మళ్ళీ వాటి వాటి గీతల మీదికి వచ్చి ఆగాలి. అప్పుడు స్టార్ట్ చెయ్యాలి, మామయ్య చెవి పెట్టి వినాలి, ఆ తర్వాతే చీటీ మీద సంతకం. నలభై ఏళ్ళలో ఈ షెడ్డు నుంచి పన్ను తప్పిన బండి ఒక్కటీ బయటికి పోలేదని ఆయనకు మహా గర్వం. పెళ్ళిళ్ళలో కూడా ఆ మాట చెప్పకుండా చెయ్యి కడుక్కోడు.

ఆరేళ్ళ కిందట ఇదే బండి ఇదే షెడ్డులో నిలబడింది. అప్పుడు దాని యజమాని వేరు. అమ్మడికి ఇరవై నాలుగేళ్ళు. అంతకాలం మామయ్య వెనక నిలబడి పనిముట్లు అందించాక, మొదటిసారి ఒక బెల్టు మొత్తం తన చేతుల మీదుగా వేసింది. మామయ్య పక్కనే ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. లారీ ఇంజను చెవులు పగిలేలా నడుస్తోంది. తను వేసిన బెల్టుతో ఈ ఇంజను పలికితే వినాలని అమ్మడికి ప్రాణం కొట్టుకుపోతోంది.

"రెండు చుట్లూ తిప్పావా?" అని మామయ్య లారీ కిందినుంచి అరిచాడు.

"ఆఁ, తిప్పాను!" అని అమ్మడు అరిచింది.

తిప్పింది సగం చుట్టు. మెత్తగా తిరిగింది కదా, ఇంకేం అనుకుంది. తాళం చెవి తిప్పగానే ఇంజను పలికింది. మామయ్య లారీ కిందినుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, మేనకోడలి వీపు తట్టి, ఆ లారీ హోరులో చెవి పెట్టి వినకుండానే, చీటీ మీద సంతకం పెట్టేశాడు. ఆ తర్వాత ఆమె వేసిన బెల్టులు నాలుగొందలకు తక్కువుండవు. ప్రతిదాన్నీ రెండు చుట్లు తిప్పింది, ఒక్కోసారి నాలుగు తిప్పింది. ఆ మొదటిదాన్ని మాత్రం తల్చుకోవడం మానేసింది.

డ్రైవర్ గారు బయట బెంచీ మీద పేపరు విప్పుకున్నారు. అమ్మడు ఫ్యాను విప్పింది, పక్క బెల్టులు తీసింది, పై కవరు బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసింది. కుర్చీలో కూర్చున్న మామయ్య, కారును కెలికిన ఆ కనిపించని మెకానిక్కును ఉతికి ఆరేస్తున్నాడు.

"వాడెవడో గానీ అమ్మడూ, వాడి చేతికి ఇంజను కాదు గదా, కుట్టు మిషను కూడా ఇవ్వకూడదు."

"ఊఁ."

"రెండు చుట్లు తిప్పడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏ రాజ్యం ఏలాల్సి వచ్చిందే వెధవకి!"

"ఊఁ."

"మళ్ళీ అలాంటివాళ్ళకి అన్నం ఎలా సహిస్తుందో. నిద్రెలా పడుతుందో."

బాగానే పట్టింది మామయ్యా అనుకుంది అమ్మడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా ఉండడానికి, బోల్టుల మీదికి ఇంకాస్త వంగింది. ఎవరో కెలికి ఉంటే బాగుండునని ఆమె కూడా మనస్ఫూర్తిగా కోరుకుంటోంది. ఆరేళ్ళలో ఎన్ని చేతులు మారిందో, ఎన్ని షెడ్లు తిరిగిందో. కెలక్కూడదని ఎక్కడుంది?

కవరు ఊడొచ్చింది. బెల్టు బీటలు వారి ఉంది గానీ పళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. స్పానరుతో కింది చక్రాన్ని గుర్తు మీదికి తెచ్చింది. కుడి చక్రం గుర్తు గీత మీద ఉంది. ఎడమ చక్రం గుర్తు సరిగ్గా ఒక్క పన్ను వెనక ఉంది. మామయ్య చెవికి దణ్ణం పెట్టాలి.

ఇక చూడాల్సింది బెల్టును బిగించి పట్టే చక్రం బోల్టు ఒక్కటే. ఈ షెడ్డులో బోల్టు బిగించాక, బోల్టు తలనూ దాని కింది ఇనుమునూ కలుపుతూ తెల్లరంగుతో ఒక గీత గీస్తారు. తర్వాత ఎవరైనా దాన్ని విప్పితే గీత రెండు ముక్కలై, ఎక్కడి ముక్క అక్కడ తేలిపోతుంది. మామయ్య గీత స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. అమ్మడిది ఎడమచెయ్యి వాటం. ఆమె గీత పక్కకు వాలుతుంది.

గుడ్డతో నూనె తుడిచింది. గీత ముక్కలు కాలేదు. పక్కకు వాలి ఉంది.

ఎవరూ కెలకలేదు. బెల్టు జారలేదు. ఆ రోజు సగం చుట్టు దగ్గర ఆమె ఎలా వదిలిందో, ఆరేళ్ళూ అలాగే నడిచింది. అమ్మడు ఆ గీతను గుడ్డతో ఇంకోసారి తుడిచి చూసింది.

ఇప్పుడు ఆమె చెయ్యాల్సింది ఏమీ లేదు. అదే అసలు చిక్కు. దొంగ దొరికిపోయి ఉన్నాడు, వాడికి మొహం లేదు, ఊరు లేదు, నోరు లేదు. అవును మామయ్యా, ఎవడో కెలికాడు అంటే సరిపోతుంది. పాత బెల్టు చెత్తబుట్టలోకి పోతుంది, కొత్తది గుర్తుల మీద కూర్చుంటుంది, డ్రైవర్ గారు దండం పెట్టి మరీ వెళ్తారు. మామయ్య నలభై ఏళ్ళ గర్వానికి మచ్చ పడదు, మేనకోడలి మీద నమ్మకానికి బీట పడదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకునేవాడు లేనప్పుడు తనంతట తను దొరికిపోవడానికి మనిషికి చాలా గుండె కావాలి. తనకు అంత గుండె లేదని ఆ క్షణాన అమ్మడికి బాగా తెలిసింది.

అయితే ముందు ఇంజను లోపల దెబ్బ తగిలిందేమో చూడాలి. ఆ భయం ముందు మిగతావన్నీ చిన్నవైపోయాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులోకీ గాలి ఎక్కించి ఒత్తిడి చూసింది. ఆరూ బిగువుగా ఉన్నాయి. తర్వాత సన్నటి తీగకు ఒక చివర బఠాణీ గింజంత కెమెరా, రెండో చివర చిన్న తెర ఉన్న పనిముట్టు తీసి, ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి దించింది. కుడి వరస మూడూ శుభ్రంగా ఉన్నాయి. ఎడమ వరసలో మొదటిది, రెండోది బాగానే ఉన్నాయి. మూడో దాని దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

పిస్టన్ నెత్తి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మసి ఉంది, కాగితం మందాన, నల్లగా, మెత్తగా. ఆ మసిలో ఒక అంచున గోరంత నెలవంక మెరుస్తోంది. అక్కడ మసి నున్నగా, అద్దంలా సానపట్టి ఉంది. వాల్వు అంచు ఆ మసిని తాకింది. తాకుతూనే ఉంది. కానీ నెలవంక అడుగున ఇనుము మీద చిన్న గీత కూడా లేదు. కెమెరాను ఎటు తిప్పి చూసినా లేదు.

అమ్మడు పక్కనున్న అట్టపెట్టె మీద పెన్సిలుతో లెక్క వేసింది. చీటీ రాసినప్పటినుంచీ బండి తిరిగింది ఎనభై వేల కిలోమీటర్లు. కిలోమీటరుకు ఇంజను తక్కువలో తక్కువ రెండు వేల చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకొకసారి ఆ వాల్వు తెరుచుకుంటుంది. అంటే ఎనిమిది కోట్ల సార్లు. సున్నాలు మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిది కోట్లే.

ఎనిమిది కోట్ల సార్లు ఆ వాల్వు కిందికి దిగింది. ఎనిమిది కోట్ల సార్లు పిస్టన్ దాని మీదికి దూసుకొచ్చింది. ప్రతిసారీ మసి మందం దాకా వచ్చి, మసిని ముట్టుకుని, వెనక్కి పోయింది. ఎండల్లో రబ్బరు సాగి ఉంటుంది, చలికి బిగుసుకుని ఉంటుంది. ఎవడో ఒకడు ఖాళీ రోడ్డు చూసి కాలు అదిమి తొక్కి ఉంటాడు. ఒక్కసారి, ఎనిమిది కోట్లలో ఒకే ఒక్కసారి, వెంట్రుకవాసి ఎక్కువైనా చాలు. ఏ మలుపులో, ఎవరెవరు లోపల కూర్చుని ఉండగా ఆగిపోయేదో. ఈ ఇంజనును గీసినవాడెవడో, దాని ఇనుమును పోతపోసినవాళ్ళెవరో, తనలాంటి తొందరపాటు మనిషి ఎప్పటికో ఒకప్పుడు వస్తుందని తెలిసినట్టే ఆ కాస్త చోటు వదిలిపెట్టారు. పాతికేళ్ళు దాటాక అమ్మడు దేన్నీ చూసి అంతగా ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యం ఎంత పెద్దదంటే, అందులో భయం ఉంది, సిగ్గు ఉంది, ఏడుపు కూడా ఉంది.

ఇది ఒక్కదాన్నే చూడడం తనవల్ల కాదనిపించింది.

"మామయ్యా, ఒకసారి ఇటు రా," అని పిలిచింది.

మామయ్య లేచి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. నెలవంకను చూశాడు. ఏం చూస్తున్నాడో అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ఓరి నాయనో," అన్నాడు మెల్లగా. "మసిని నాకి వదిలేసిందే. ఇనుము జోలికి పోలేదు. నలభై ఏళ్ళలో ఇలాంటిది చూళ్ళేదమ్మడూ."

"ఎనిమిది కోట్ల సార్లు మామయ్యా. లెక్కేశాను."

"ఎనిమిది కోట్లు..." ఆ అంకెను నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఆయన కళ్ళలో పసిపిల్లాడికి మొదటిసారి సముద్రం చూపించినప్పటి వెలుగు. తర్వాత అలవాటు కొద్దీ, బెల్టు ఎలా ఉందో చూద్దామని, ఇంజను ముందుకు వంగాడు. బోల్టు చూశాడు. గీత చూశాడు.

అమ్మడు ఆ మొహాన్నే చూస్తోంది. అందులో వెలుగు ఆరిపోలేదు గానీ, నెమ్మదిగా ఇంకో చోటికి తిరిగింది. వేలితో ఆ వాలుగీతను ఒకసారి ముట్టుకోబోయాడు. వేలు నిలవలేదు.

"మామయ్యా, ఆ రోజు నేను..."

"ఆగు," అన్నాడు. "ఆయనొస్తున్నాడు."

డ్రైవర్ గారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని లోపలికొచ్చారు. "ఏం తేలిందండీ? ఎవడో కెలికాడా?"

"లేదండీ," అన్నాడు మామయ్య. నిటారుగా నిలబడ్డాడు. అప్పటిదాకా దాచుకున్న రెండు చేతులనూ బయటికి తీసి, అందరికీ కనబడేలా ముందుకు చాపాడు. అవి గాలిలో రెపరెపలాడాయి. "ఎవడూ కెలకలేదు. తప్పు నాది. ఆరేళ్ళ కిందట ఈ బెల్టు నేనే వేశాను. అప్పటికే ఈ వణుకు మొదలైంది. ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఒక పన్ను తప్పింది. మీరు చూసి కొన్న ఆ సంతకానికి విలువ లేదు. క్షమించండి."

ఎనిమిది కోట్లు చూసి నోరు తెరిచిన అమ్మడికి, అంతకంటే పెద్దది కళ్ళముందు జరిగిపోయింది. పెళ్ళి భోజనాల్లో కూడా చెప్పుకున్న గర్వం అది. ఆ ముసలాయనకు ఆస్తీ అదే, అంతస్తూ అదే. దాన్ని, బస్సులో ఎవరికో చోటిచ్చినంత తేలిగ్గా, లేచి ఇచ్చేశాడు. ఆ చోట్లో కూర్చోవాలంటే ఆమె నోరు మూసుకుని ఊరుకుంటే చాలు.

"కాదండీ," అంది అమ్మడు. "మామయ్య అబద్ధం చెప్తున్నాడు. ఆరేళ్ళ కిందట మామయ్య చేతులు బండరాయిలా ఉండేవి. బెల్టు వేసింది నేను. రెండు చుట్లు తిప్పానని చెప్పింది నేను. తిప్పలేదు. సగం చుట్టు తిప్పి తాళం చెవి తిప్పేశాను."

"నువ్వూరుకోవే..."

"ఊరుకోను మామయ్యా. అప్పుడే ఊరుకోవాల్సింది, తిప్పాను అని అరవకుండా."

డ్రైవర్ గారు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. మొహం ఎర్రబడింది.

"నేను ఈ సంతకం చూసి కొన్నానమ్మా," అన్నారు. "నెలరోజులు మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తిరిగాను."

"తెలుసండీ."

"తెలుసంటే సరిపోతుందా?"

"సరిపోదండీ," అంది. ఏం చెప్పాలో తెలీక, చూసింది చూసినట్టు ఆయనకూ చూపించింది. తెర మీద నెలవంకను, అట్టపెట్టె మీద లెక్కను. పిస్టనంటే ఏమిటో, మసి ఏమిటో, ఎంత దగ్గరగా వచ్చి పోయిందో వేలు పెట్టి చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు, తన వైపు ఒక్క ముక్క కలుపుకోలేదు.

డ్రైవర్ గారు వంగి ఆ తెరను చాలాసేపు చూశారు. కోపంగా వంగిన మనిషి, లేచేటప్పటికి ఇంకోలా ఉన్నారు. వెళ్ళి మామయ్య కుర్చీలో కూర్చున్నారు.

"ఒకసారి రెప్ప వాలిందమ్మా నాకు," అన్నారు. "పద్దెనిమిదేళ్ళయింది. మధ్యాహ్నం పూట, వంతెన మీద. వెనక నిండా జనం, సగం మంది కునుకుతున్నారు. కళ్ళు తెరిచేసరికి రెయిలింగు అద్దానికి ఇంత దూరంలో ఉంది. తిప్పేశాను. ఒక్కడు కూడా లేవలేదు. స్టాపులో దిగి, థాంక్సండీ డ్రైవర్ గారూ అని కూడా అన్నాడొకాయన." ఆగి, మళ్ళీ తెర వైపు చూశారు. "డిపోలో చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెప్తున్నాను."

"మరి మీ డిపోలో తెలిస్తే ఏం చేసేవాళ్ళండీ?" అన్నాడు మామయ్య.

"చెప్పినవాణ్ణి కొండ రూటుకి వేసేవాళ్ళు."

"శిక్షా?"

"శిక్ష కాదండీ. మా మేనేజరుకి అదో లెక్క. అంచుదాకా పోయి వెనక్కొచ్చి, ఎవరూ అడక్కుండా తనంతట తను చెప్పుకున్నవాడుంటే, లోయల మీదికి వాణ్ణే పంపాలనేవాడు. నన్ను మాత్రం ఏనాడూ కొండ రూటుకి వెయ్యలేదు. నా రికార్డు మరీ శుభ్రంగా ఉండేది." ఆయన నవ్వలేదు. "అందుకేనేమో రేపు వెళ్తున్నది. అమ్మాయ్, బెల్టు నువ్వే వెయ్యి. తిప్పేటప్పుడు నన్ను పిలు."

అమ్మడు పనిలోకి దిగింది. కొత్త బెల్టు, కొత్త బిగింపు చక్రం, దానితో పాటే మార్చాల్సిన నీళ్ళ పంపు. మధ్యాహ్నం తిండి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అన్నీ బిగించాక పొడుగు స్పానరు తగిలించి ఇద్దరినీ పిలిచింది. ఒకవైపు మామయ్య, ఒకవైపు డ్రైవర్ గారు. మధ్యలో ఆమె, ఎడమచేత్తో, ఇంజనును నిదానంగా తిప్పసాగింది. లోపల ఆరు పిస్టన్లూ వాటి వాల్వులూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోతున్న మెత్తటి బరువు పిడిలోంచి అరచేతికి తెలుస్తోంది. ఒక చుట్టు. రెండో చుట్టు. కింది గుర్తు గీత మీదికొచ్చింది. కుడి గుర్తు గీత మీదికొచ్చింది. ఎడమ గుర్తు, ఆరేళ్ళు ఆలస్యంగానైనా, గీత మీదికొచ్చి నిలబడింది.

కవర్లు బిగించాక డ్రైవర్ గారు లోపల కూర్చుని తాళం చెవి తిప్పారు. ఇంజను పలికింది. స్క్రూడ్రైవరు కోసం వెళ్ళబోయిన మామయ్య, మనసు మార్చుకుని, రెండేళ్ళ తర్వాత మొదటిసారిగా నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించగానే మొహం వాడిపోయింది.

"అమ్మడూ, ఇంకా వణుకుతోంది కదే," అన్నాడు భయంగా.

అమ్మడు ఇంజను వైపు చూసింది. నిండుకుండలా ఉంది. దాని మీద నూనె గిన్నె పెట్టినా తొణికేలా లేదు. ఆమె మామయ్య మొహంలోకి చూసింది. ఆయన కోసం ఏ అబద్ధమైనా ఆడాలనిపించింది, పొద్దున ఆయన తన కోసం ఆడినట్టే.

"ఇంజను కాదు మామయ్యా," అంది. "నీ చెయ్యి."

మామయ్య తన చేతికేసి చూసుకున్నాడు. దాని కింద ఇంజను కదలకుండా, మెదలకుండా, నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతోంది.

"అయితే పర్లేదు," అన్నాడు.

చెయ్యి తీసెయ్యలేదు. ఆ వెచ్చటి ఇనుము మీద దాన్ని దాని మానాన వణకనిస్తూ, కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డాడు.